పెద్దాయనకు ఎమ్మిగనూరు పరీక్ష

ఆదోనిలో పెద్దాయన అనిపించుకోవడం అంత తేలిక కాదు. కొందరికి వయసు వల్ల వస్తుంది, కొందరికి మండీలో కూర్చున్న చోటును బట్టి వస్తుంది. లక్ష్మప్ప ఇంటి ముందు రేకుల చాయలో నిలబడి ఉండే పాత బుల్లెట్ మోటారు సైకిలుకు మాత్రం ఆ పేరు అచ్చంగా స్వభావం వల్ల వచ్చింది. పొద్దున్నే లేవదు. లేపితే దగ్గుతుంది. లేచి నడక మొదలుపెట్టిందంటే వీధి మొత్తానికి తెలియాల్సిందే. ఎవరికీ దారి ఇవ్వదు. నిలబడిన చోట కాస్తంత నూనె మరక వదలకుండా కదలదు. ఇన్ని లక్షణాలున్నవాణ్ణి పేరు పెట్టి పిలవడం మన సంప్రదాయం కాదు కనుక, వీధిలో అందరూ దాన్ని పెద్దాయన అనే అంటారు.

లక్ష్మప్ప ఒక జిన్నింగు మిల్లులో ప్రెస్సు దగ్గర పనిచేస్తాడు. గింజ తీసిన దూదిని బిగించి బేళ్ళు కట్టే యంత్రం అది. సీజనంతా అతని జుట్టులోనూ కనుబొమల్లోనూ దూది పీచు పేరుకుని ఉంటుంది. అందువల్ల అతనికి వెంట్రుకలు నిజంగా ఎప్పుడు తెల్లబడ్డాయో ఎవరూ గమనించలేదు. అతను కూడా.

పెద్దాయన ఒకప్పుడు ఆ మిల్లుదే. పల్లెల్లో పత్తి చూసి బేరం చేసే మనిషి దాని మీద తిరిగేవాడు. ఆ మనిషికి కారు వచ్చాక బండి గోదాములో బేళ్ళ వెనక మూలపడింది. ఒక వేసవిలో లక్ష్మప్ప యజమానిని అడిగి, చక్రాల్లో గాలి లేని ఆ బండిని చేత్తో నడిపించుకుంటూ ఇంటికి తోలుకొచ్చాడు. అతని భార్య రంగమ్మ గుమ్మంలో నిలబడి, చెమటలు కక్కుతున్న మొగుణ్ణీ, అతని పక్కన వస్తున్న ఆ నల్లటి ఆకారాన్నీ కాసేపు పరికించి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"పాలిస్తాదా?"

పాలివ్వలేదు గానీ, చాలా ఊళ్ళు చూపించింది. వేసవిలో మిల్లు మూతపడగానే లక్ష్మప్ప సంచిలో ఒక స్పానరు కట్ట, రెండు ప్లగ్గులు, ఒక క్లచ్చి వైరు, కాస్త రాగి తీగ పెట్టుకుని, వెనక రంగమ్మను కూర్చోబెట్టుకుని బయలుదేరేవాడు. హంపి చూశారు, శ్రీశైలం చూశారు, ఒక ఏడు మైసూరు దాకా పోయి వచ్చారు. దారిలో ఊడిపోయిన బోల్టులను వెనక్కి నడిచివెళ్ళి ఏరుకుని రావడం రంగమ్మ శాఖ. బిగించడం లక్ష్మప్ప శాఖ. ఈ శాఖల పంపిణీలో వాళ్ళకు ఎన్నడూ తగాదా రాలేదు.

పెద్దాయనను ఎవరూ అరువు అడగరు. దానికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. లోకంలోని మిగతా బళ్ళకు ఇది సరిగ్గా తలకిందులు. ఒకసారి అరువు తీసుకున్న బంధువు బ్రేకు అనుకుని గేరు తొక్కి, గేరు అనుకుని బ్రేకు తొక్కి, చివరికి రెండూ వదిలేసి చొప్పవామిని నమ్ముకున్నాడు. ఆ తరువాత బంధువర్గంలో లక్ష్మప్పకు చాలా ప్రశాంతత లభించింది.

ప్రతి ఆదివారం లక్ష్మప్ప బండి పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. ఇంజనాయిలు చూసేవాడు, చైనుకు నూనె పూసేవాడు, టాపెట్ కడ్డీలు వేలితో తిప్పి చూసి కళ్ళు మూసుకునేవాడు, వైద్యుడు నాడి చూసినట్టు. రంగమ్మ వంతు శుక్రవారం. తలస్నానం చేసి, ఇంట్లో దేవుడికి పెట్టాక, అదే గిన్నెతో బయటికి వచ్చి పెద్దాయనకు బొట్టు పెట్టేది. పసుపూ కుంకుమా కాస్త ఆముదంతో కలిపి రంగరించిన బొట్టు. గాలికి రాలదు, వానకు కారదు. మోటారు సైకిలుకు బొట్టు ఎక్కడ పెట్టాలన్నది ఏ శాస్త్రంలోనూ లేదు. రంగమ్మ లెక్కలో పెట్రోలు ట్యాంకు దాని మొహం, ట్యాంకు మూత దాని నొసలు. కాబట్టి మూత నడిమధ్యన. వారం మీద వారం, బొట్టు మీద బొట్టు.

మొన్న దసరా తరువాత పెద్దాయనకు జబ్బు చేసింది.

చిత్రమైన జబ్బు. పది పన్నెండు కిలోమీటర్లు రాజులా పోతుంది. తరువాత గొంతు పట్టుకుంటుంది, రెండు సార్లు ఎక్కిళ్ళు పెడుతుంది, నిలబడిపోతుంది. లక్ష్మప్ప దిగుతాడు. దిగి, మన ప్రాంతంలో బండి ఆగిన ప్రతివాడూ మొట్టమొదట ఏం చేస్తాడో అదే చేస్తాడు: ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూసి, బండిని అటూ ఇటూ ఊపి, పెట్రోలు ఉందని నిర్ధారించుకుని, మూత పెడతాడు. తరువాత అసలు వైద్యం మొదలుపెడతాడు.

మొదటిసారి ప్లగ్గు తీసి తుడిచి బిగించాడు. బండి లేచింది. జబ్బు ప్లగ్గుదని తేలింది. కొత్త ప్లగ్గు వేశాడు. మరో పన్నెండు కిలోమీటర్లకు మళ్ళీ నిలబడింది. మూత తీసి, పెట్రోలు చూసి, ఈసారి నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు రాచాడు. లేచింది. జబ్బు పాయింట్లదని తేలింది. ఆపైన కార్బొరేటరుదని తేలింది, కాయిలుదని తేలింది. ఒకసారి విసుగెత్తి ఏ పనీ చేయకుండా, మూత తీసి పెట్రోలు మాత్రం చూసి, ఉరుకుంద ఈరన్న స్వామికి ఒక కొబ్బరికాయ మొక్కుకున్నాడు. అప్పుడూ లేచింది. స్వామి కొబ్బరికాయ పుచ్చుకున్నాడు గానీ, పన్నెండు కిలోమీటర్ల నిబంధనను సడలించలేదు.

ఇట్లా ఆరోగ్యంగా ఉన్న ప్రతి భాగం మీదా ఒకసారి నేరం మోపి, శిక్ష వేసి, కొత్తదాన్ని తెచ్చి పెట్టాక, వీధిలో పెద్దాయనకు పన్నెండు కిలోమీటర్ల బండి అనే బిరుదు మిగిలింది.

సరిగ్గా ఈ సమయంలోనే బళ్ళారి నుంచి వంశీ అనే యువకుడు వచ్చాడు. అతను అక్కడ ఒక హోటలు తెరుస్తున్నాడు. పాత వస్తువులంటే అతనికి ప్రాణం. పెద్దాయన చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుని, సీటు మీద తట్టి, మంచి ధర చెప్పాడు.

"నడిపి సూస్తావా అప్పా?" అన్నాడు లక్ష్మప్ప, కిక్కు మీద కాలు పెట్టబోతూ.

"నడిపేదేం ల్యాదన్నా. హోటలు ముందర పెడతా. ఇంజను తీసేస్తే బరువు తగ్గుతాది గదా, మంచి రంగు ఏసి, సీటు మీద పూలకుండీలు పెడితే జనం నిలబడి ఫోటోలు తీసుకుంటారు."

లక్ష్మప్ప కాలు కిందికి దించాడు. బతికుండగానే పెద్దాయన మీద పూలు పెట్టే మాట అతనికి నచ్చలేదు. కానీ వంశీ మర్యాదస్తుడు. "ఆలోసన సెయ్యన్నా, సోమారం ఫోను సేస్తా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

రంగమ్మ తమ వీధి మొగలో ఉగ్గాని అంగడి నడుపుతుంది. పొద్దున బొరుగులు తడిపి తాలింపు పెట్టే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. మార్కెట్ యార్డుకు పోయే హమాలీలూ ఆటోవాళ్ళూ ఆమె చేతి ఉప్పు తిన్నాకే పని మొదలుపెడతారు. ఇన్నేళ్ళు ఉప్పు వేసిన మనిషికి, ఆ ఉప్పు పుట్టిన చోటు చూడాలని ఉంది. రంగమ్మ సముద్రం చూడలేదు. ఈ వేసవికి గోకర్ణం అని లక్ష్మప్ప మాట ఇచ్చి ఉన్నాడు. సిరుగుప్ప మీదుగా, హుబ్బళ్ళి మీదుగా, కనుమ దిగితే సముద్రం. పెద్దాయన మీద.

వంశీ వెళ్ళిన సాయంత్రం ఆమె అంగడి గిన్నెలు తోముతూ తీర్పు ప్రకటించింది.

"సూడప్పా, నేను సముద్రం సూడల్లంటి, నువ్వు బండి మీద పోదామంటివి, సరే అంటి. దోవలో నిలబడి లారీలకు సెయ్యి ఊపేదానికైతే గోకర్ణం దాకా పోయే పనేముంది? ఆ పని ఈ పక్కన ఆరేకల్ కాడ సేస్తే సాలదా?"

"ఇప్పుడేమంటావు?"

"ఆదివారం ఎమ్మిగనూరుకు పోదాం, మా భీమమ్మ ఇంటికి. పోయేటప్పుడు ఒకసారి నిలబడితే ఒప్పుకుంటా. వచ్చేటప్పుడు ఒకసారి. మనిషికైనా దోవలో నీళ్ళు తాగే పనుంటాది. అంతకు మించి నిలబడితే బళ్ళారి పిల్లోనికి ఫోను సేసేది నేనే. సముద్రానికి బస్సులో పోదాం."

"బస్సులో పోతే సముద్రం సూసినట్లు గాదు మే. మనల్ని సముద్రానికి పార్సలు సేసినట్లు."

"పార్సలైనా సేరతాది గదా," అంది రంగమ్మ, గిన్నె బోర్లిస్తూ.

ఆ వారం లక్ష్మప్ప బండికి చేసిన సేవ పెళ్ళికొడుక్కి కూడా ఎవరూ చేయరు. ఆదివారం పొద్దున రంగమ్మ న్యాయమూర్తి అయి ఉండి కూడా, పరీక్షకు పోయే అభ్యర్థికి అన్యాయం జరగకూడదని, మూత మీద మామూలు కన్నా పెద్ద బొట్టు పెట్టింది. చక్రం కింద నిమ్మకాయ నలిగింది. పెద్దాయన దగ్గి, గొంతు సవరించుకుని, డబ్ డబ్ మంటూ ఊరు దాటింది.

ఎండాకాలం అప్పుడే మొదలవుతోంది. నల్లరేగడి చేలల్లో పత్తికట్టె పీకి కుప్పలు వేశారు. లక్ష్మప్ప వీపు నిటారుగా పెట్టి, చెవి ఇంజను మీద వేసి నడుపుతున్నాడు. రంగమ్మ ఏమీ మాట్లాడలేదు. మాట్లాడితే ఏ శబ్దం ఎవరిదో తేలక తగాదా వస్తుందని ఆమెకు అనుభవం.

ఆరేకల్ దాటాక పెద్దాయనకు ఎక్కిళ్ళు వచ్చాయి. రోడ్డు పక్కకు చేరి నిలబడింది.

"ఒకటి," అంది రంగమ్మ.

లక్ష్మప్ప మూత తీసి, తొంగిచూసి, ఊపి, మూత పెట్టి, సంచి విప్పాడు. అక్కడ గొర్రెలు మేపుతున్న మద్దయ్య అనే ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి వైద్యం చూడసాగాడు. ఆయన గొర్రెలు కూడా చూశాయి.

"ప్లగ్గు తీసి ఊదు నాయనా," అన్నాడు మద్దయ్య కాసేపటికి. రోడ్డు పక్కన ఉండే ప్రతి మనిషికీ తెలిసిన మందు అదొక్కటే.

లక్ష్మప్ప ప్లగ్గు తీసి ఊదాడు. కిక్కు కొట్టాడు. పెద్దాయన లేచింది. మద్దయ్య తన వైద్యం ఫలించినందుకు గంభీరంగా తల ఊపి గొర్రెల వైపు తిరిగాడు.

ఇక ఎమ్మిగనూరు దాకా నిలబడకూడదు. కోటేకల్ దగ్గరికి వచ్చేసరికి ఇంజను గొంతులో మళ్ళీ ఏదో జీర వినబడింది లక్ష్మప్పకు. ఎదురుగా పెట్రోలు బంకు కనబడింది. అతను బండిని లోపలికి తిప్పాడు.

"పెట్రోలు కోసం నిలబడేది నిలబడినట్లు గాదు," అన్నాడు దిగీదిగకముందే.

"నేనేమన్నా అంటినా?" అంది రంగమ్మ. ట్యాంకు పక్కనే నిలబడి ఉంది. లక్ష్మప్ప మూత తిప్పగానే ఉస్సుమని సన్నటి శబ్దం ఆమె చెవిన పడింది. ఎవరో దీర్ఘంగా ఊపిరి పీల్చినట్టు. వాసన కదా అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, అంతే.

పెట్రోలు పోయించుకున్న పెద్దాయన ఒక్క ఎక్కిలి కూడా లేకుండా ఎమ్మిగనూరు చేరింది.

భీమమ్మ రంగమ్మ చెల్లెలు. ఆమె మొగుడు జయన్న మగ్గం నేస్తాడు. అతనికి ఒక కొత్త స్కూటరు ఉంది, దానికి బొత్తాం నొక్కితే చాలు. లక్ష్మప్ప బండి వచ్చిన చప్పుడు వినగానే అతను మగ్గం గుంతలోంచి లేచి బయటికి వచ్చాడు. తోడల్లుణ్ణి ఆటపట్టించే అవకాశం వారానికొకసారి కూడా రాదు మరి.

"రాన్నా రా. తొయ్యకుండా వచ్చినట్లుండావే?"

"నీ స్కూటరు మాదిరి బొత్తాం నొక్కితే కూసే సామాను గాదులే ఇది," అన్నాడు లక్ష్మప్ప.

"అదీ నిజమే. దీనికి బొత్తాం నొక్కితే సాలదు, కాళ్ళు నొక్కల్ల." జయన్న రంగమ్మ వైపు తిరిగాడు. "వదినా, గోకర్ణానికి పోతాండారంట గదా. నడిసి పోయేటోళ్ళు బండి ఎందుకు తీసుకపోతారు, బరువు?"

"నీళ్ళ బిందె తగిలించుకునేదానికిలే జయన్నా," అంది రంగమ్మ. మొగుణ్ణి ఆమె అనవచ్చు. వేరేవాళ్ళు అంటుంటే ఊరుకోవడం ఆమె పెరిగిన పద్ధతిలో లేదు.

భీమమ్మ కొర్రన్నం, గుత్తివంకాయ పెట్టింది. భోజనం మధ్యలో ఆమె అక్క చెవిలో అడిగింది: "నిజంగా అమ్మేస్తావా అక్కా?"

"నాకేం ఎరక మే. అది ఎట్ల పోతాదో అట్ల." రంగమ్మ వంకాయ తుంచి అన్నంలో కలుపుకుంది. "హంపికి పోయినప్పుడు దీని మీద కూసుంటే నాకు ఊరి మీద ఎగిరినట్లుండె. బస్సులో కూసుంటే అంగడిలో కూసున్నట్లే ఉంటాది."

ఆ మాట లక్ష్మప్ప వినలేదు. విని ఉంటే ధైర్యం వచ్చేది. అతను గుమ్మంలోంచి పెద్దాయనను చూస్తూ, సీటు మీద పూలకుండీలు ఎక్కడ పెడతారా అని మనసులో కొలతలు వేస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన కోటేకల్ దాటి, పత్తికట్టె కుప్పల మధ్య ఒకసారి నిలబడింది. "ఒకటి," అంది రంగమ్మ. ఈసారి ఆమె గొంతులో పొద్దుటి కాఠిన్యం లేదు. లక్ష్మప్ప మూత తీశాడు, చూశాడు, పెట్టాడు. పాయింట్లు రాచాడు. బండి లేచింది. ఆపైన అతను ఇంజనును బతిమాలుతూ నడిపాడు. ఎత్తు వచ్చినప్పుడు తను కూడా సీటులో ముందుకు వంగాడు, ఆ వంపు వల్ల బండికి ఏదో సాయం అందుతుందన్నట్టు.

ఆదోని కొండలు కనబడ్డాయి. కొండల పక్కన మిల్లు గొట్టాలు కనబడ్డాయి. ఇల్లు అదిగో అనుకునే దూరంలో పెద్దాయనకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఒకటి, రెండు, అంతే.

రంగమ్మ లెక్క చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఇద్దరూ దిగి నిలబడ్డారు. మద్దయ్య మందను ఇంటికి మళ్ళించుకుని అదే రోడ్డు మీద ఎదురొచ్చాడు. వాళ్ళను చూసి ఆగాడు. ఆయన మొహంలో నిజమైన జాలి.

"పొద్దుట్నుంచీ ఈ రోడ్డు మీదే ఉండారా నాయనా?"

"ల్యాదు తాతా. ఎమ్మిగనూరుకు పోయొచ్చినాం," అన్నాడు లక్ష్మప్ప.

మద్దయ్య నమ్మలేదు. అయినా ఎదుటివాడి మర్యాద కాపాడాలి కనుక, "మంచిదే" అని గొర్రెలను అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

లక్ష్మప్ప జేబులోంచి ఫోను తీసి రంగమ్మకు ఇచ్చాడు. "అనుకునింది అనుకునిందే. సెయ్యి ఫోను."

రంగమ్మ ఫోను తీసుకుంది. కానీ అంకెలు నొక్కలేదు. ఆమె చూపు ట్యాంకు మీద ఉంది. మొగుడు సంచి విప్పకముందే, తను ఎప్పుడూ చేయని పని చేసింది. వంగి, చెవి దగ్గర పెట్టి, మూత తిప్పింది.

ఉస్సుమంది.

"ఇదేం సప్పుడప్పా?"

"పెట్రోలు గాలి మే. ఎండకు బయటికొస్తాది."

"బయటికి రాల్యా. లోపలికి పీల్సుకునె. నా సెంప కాడ సల్లగా తగిలె." ఆమె మూత చేతిలో పట్టుకుని నిలబడింది. "బండి నిలబడితే నువ్వు మొదట ఏం సేస్తావు?"

"ప్లగ్గు..."

"ప్లగ్గు గాదు. దానికి ముందర."

"పెట్రోలు సూస్తా. మూత తీసి."

"ప్రతిసారీ?"

లక్ష్మప్ప ఆలోచించాడు. ప్లగ్గు రోజు, పాయింట్ల రోజు, కార్బొరేటరు రోజు, కొబ్బరికాయ రోజు. ప్రతిరోజూ వేరే వైద్యం. ప్రతిరోజూ మూత మాత్రం తీశాడు. "ప్రతిసారీ," అన్నాడు నెమ్మదిగా.

"నేను అంగట్లో నూనె డబ్బాకు ఎన్ని బొక్కలు పొడుస్తా?"

"రెండు."

"ఒకటే పొడిస్తే?"

"రెండు గుటకలు పోసి ఆగిపోతాది. గాలి ల్యాక."

"నీ పెద్దాయనకు రెండో బొక్క యాడుంది?"

"మూతలోనే. నడిమధ్య. సూది మొనంత ఉంటాది..."

ఇద్దరూ కలిసి మూతను చూశారు. నడిమధ్యన, ఆ పొద్దున పెట్టిన నిండు బొట్టు ఎర్రగా మెరుస్తోంది. దాని కింద పోయిన శుక్రవారం బొట్టు. దాని కింద అంతకుముందరిది. ఆముదంతో రంగరించి, ఎండలో ఎండి, లక్క మాదిరి గట్టిపడిన ఎన్నో ఏళ్ళ భక్తి.

చాలాసేపు రోడ్డు మీద ఏ వాహనమూ రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని రంగమ్మకు అనిపించింది, ఇటు చూడకుండా అటు చూడడానికి. ఆమె అనుకుంటే మూత తిరిగి పెట్టేసి, ఫోను నొక్కి, ఈ సంగతిని అక్కడితో సమాధి చేయవచ్చు. న్యాయమూర్తే నేరస్తురాలైన కేసుల్లో సాధారణంగా జరిగేది అదే.

రంగమ్మ తాళిబొట్టుకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి విడదీసి, మూతను అరచేతిలో పెట్టుకుని, బొట్టు నడుమ గుచ్చి తిప్పింది. ఎర్రటి పెచ్చులు రాలాయి. ఇంకాస్త లోతుకు గుచ్చింది. మూతను ఎత్తి ఆకాశం వైపు పట్టుకుని చూసింది. అవతల సూది మొనంత వెలుతురు.

"నొసలనుకుంటి," అంది. "ముక్కు అది."

లక్ష్మప్పకు నవ్వాలో లేదో తెలియలేదు. మూత తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, అతను కూడా ఒక పాత సంగతి గుర్తు తెచ్చుకున్నాడు. "అయితే బొట్టు ఎప్పట్నుంచో పెడతాండావు గదా. దసరా దాకా ఏం కాల్యా ఎందుకు?" అని తనను తానే అడిగి, తానే జవాబు చెప్పుకున్నాడు. "దసరాకు మూత వాషరు మార్సినా. పాత వాషరు సచ్చుబడి సందుల్లోంచి పెట్రోలు కారి నీ సీరకు అంటుతాండె గదా. ఆ సందుల్లోంచే ఇన్నాళ్ళూ గాలి పీల్సుకునింది. కొత్తది ఏసి అదీ మూసేసినా."

"అంటే ముక్కు నేను మూస్తి, నోరు నువ్వు మూస్తివి."

"అట్లే అయింది."

"పాపం, అయినా పన్నెండు కిలోమీటర్లు పోతాండె," అంది రంగమ్మ. పెద్దాయన గురించి ఆమె పాపం అన్నది అదే మొదటిసారి.

లక్ష్మప్ప నిజాయితీపరుడు. అది అతనికి చాలాసార్లు ఇబ్బంది తెచ్చిపెట్టింది. ఇప్పుడూ ఊరుకోలేకపోయాడు. "అయినా అనుకునిందాని ప్రకారం రెండోసారి నిలబడింది మే. ఒప్పుకోవల్ల."

"యాడ నిలబడె? ఊపిరి ఆపింది నేను. నేను నిలబెడితే అది నిలబడినట్లు ఎట్లైతాది?" రంగమ్మ ఫోను తిరిగి అతని జేబులో పెట్టింది. "మూత పెట్టి కిక్కు కొట్టు. సంచి విప్పద్దు. ప్లగ్గును తాకితే సెయ్యి ఇరుస్తా."

అతను ఆంపియరు మీటరు ముల్లు నడిమికి తెచ్చి, ఇంజను బిగువు వదిలించే చిన్న మీట నొక్కి, కిక్కు కొట్టాడు. ఏ ప్లగ్గూ తుడవకుండా, ఏ పాయింటూ రాచకుండా పెద్దాయన లేచింది.

ఊళ్ళోకి వచ్చారు. మార్కెట్ యార్డు దాటారు. తమ వీధి మొగ వచ్చింది. లక్ష్మప్ప తిరగలేదు.

"యాడికి పోతాండావు? ఇల్లు దాటె."

"నిలబడేదాకా పోతా."

సిరుగుప్ప రోడ్డు ఎక్కారు. పొద్దు ఎదురుగా వాలుతోంది. పన్నెండు కిలోమీటర్లు వచ్చాయి, పోయాయి. లక్ష్మప్ప చెవులు ఎక్కిళ్ళ కోసం ఎదురుచూశాయి. రాలేదు. ఇంకా పోయారు. రోడ్డు పక్కన బోర్డుల మీద కన్నడ అక్షరాలు మొదలయ్యాయి. రంగమ్మ ఒక చేత్తో కొంగు పట్టుకుని, మరో చేయి మొగుడి భుజం మీద వేసి, ఆ వైపే ఎక్కడో దూరంగా ఉన్న సముద్రం వాసన వస్తుందేమోనని ముక్కు పైకెత్తింది. పత్తికట్టె కాల్చిన పొగ వాసన వచ్చింది. అదీ బాగానే ఉంది.

చివరికి ఆమే అంది: "నిలబెట్టప్పా. రేపు అంగడికి పిండి కలపల్ల. ఇట్లే పోతే పొద్దున హమాలోళ్ళు నన్ను ఎతుక్కుంటూ గోకర్ణానికి వస్తారు."

లక్ష్మప్ప బ్రేకు తొక్కాడు. దసరా తరువాత పెద్దాయన, దారి మధ్యలో ఒకరు చెప్పగా నిలబడడం అదే మొదలు.

సోమవారం పొద్దున వంశీ ఫోను చేశాడు. రంగమ్మ ఒక చేత్తో బజ్జీలు తిప్పుతూ మాట్లాడింది.

"ల్యాదు నాయనా, ఇప్పుడు ఇచ్చేదానికి కాదు. దానికి వేరే పనుంది... పూలకుండీలకా? ఒక మంచి నూనె డబ్బా పంపిస్తా, పెట్టుకో. కింద నాలుగు బొక్కలు పొడిసి పంపిస్తాలే."

మిల్లు మూతపడిన మరుసటి శుక్రవారం వాళ్ళు బయలుదేరారు. సంచిలో స్పానర్లు, రెండు ప్లగ్గులు, క్లచ్చి వైరు, రాగి తీగ. వెనక మూటలో ఉగ్గానికి బొరుగులు, దారి కోసం పప్పుల పొడి. ఉప్పు మాత్రం రంగమ్మ కావాలనే పెట్టలేదు. ఎక్కడికి పోతున్నామో తెలిసి కూడా ఉప్పు మోసుకుపోవడం ఆమెకు అవివేకంగా తోచింది.

అంతా సిద్ధమయ్యాక ఆమె బొట్టు గిన్నె పట్టుకుని బండి ముందుకు వచ్చి నిలబడింది. వేలు కుంకుమలో అద్దింది. ట్యాంకు వైపు చేయి చాచి, వెనక్కి తీసుకుంది. హెడ్ లైటు పైన రేకు దగ్గర ఆపి, లక్ష్మప్ప వైపు చూసింది.

"ఈడ గాలి పీల్సే బొక్క యాదన్నా ఉందా?"

లక్ష్మప్ప దిగి వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని వంగి, ఆ రేకును వేలితో తడిమి, కిందినుంచి కూడా ఒకసారి చూసి లేచాడు.

"ల్యాదు. పెట్టు."

ఆమె పెట్టింది. ఈసారి చిన్నదే.